మొక్కలు తెలిసిన ల్యాండ్‌స్కేప్ టీచర్ కావాలంటే

ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్ చదువుతానంటే మన ఇళ్లలో వచ్చే మొదటి ప్రశ్న "అంటే తోటపనా?" అని. తోటపని అందులో ఒక భాగం మాత్రమే. నేల వాలు ఎటు ఉంది, వాన నీరు ఎక్కడికి పోతుంది, మనుషులు ఎక్కడ నడుస్తారు, ఎక్కడ కూర్చుంటారు, ఏ చెట్టు ఎక్కడ ఉండాలి అనేవన్నీ కలిపి ఆలోచించే డిజైన్ చదువు ఇది. పార్కు, క్యాంపస్, చెరువు గట్టు, పాత క్వారీ, రోడ్డు డివైడర్ అన్నీ దీని కిందికే వస్తాయి.

ఇక్కడ చెప్పేది అందులో ఒక దారి గురించి: మొక్కను మధ్యలో పెట్టుకుని ఈ సబ్జెక్టును కాలేజీలో బోధించడం, దానిమీద పరిశోధన చేయడం. ఈ దారే ఎందుకంటే ఖాళీ ఇక్కడే ఉంది. ఆర్కిటెక్చర్ నుంచి వచ్చినవాళ్లు డ్రాయింగ్ చక్కగా వేస్తారు. కానీ ప్లాన్‌లో వాళ్లు గీసిన పచ్చటి సున్నా మోదుగా, మామిడా అని అడిగితే నీళ్లు నములుతారు. హార్టికల్చర్ నుంచి వచ్చినవాళ్లకు మొక్క చెయ్యి తిరిగిన విద్య. కానీ నేల ఎత్తుపల్లాలు చూపే కాంటూర్ షీట్ చేతికిస్తే పక్కన పెట్టేస్తారు. రెండూ వచ్చినవాళ్లు చాలా తక్కువ. మీరు ఎటునుంచి వచ్చినా రెండో సగం నేర్చుకోవడమే ఈ కెరీర్‌లో అసలు పని.

ముందు మీరు ఏ తలుపు దగ్గర ఉన్నారో చూసుకోండి

మన దగ్గర ఇంటర్ గ్రూపుతోనే చాలా తేలిపోతుంది. ఎంపీసీ వాళ్లకు ఐదేళ్ల బీఆర్క్ దారి ఉంది. దానికి కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ నిర్వహించే నాటా గానీ, జేఈఈ మెయిన్ పేపర్ 2ఏ గానీ రాయాలి. మ్యాథ్స్ లేకుండా బీఆర్క్‌లో చేరడం కుదరదు. బైపీసీ వాళ్లకు నాలుగేళ్ల బీఎస్సీ ఆనర్స్ హార్టికల్చర్ ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో వెంకటరామన్నగూడెంలోని డాక్టర్ వైఎస్సార్ హార్టికల్చరల్ యూనివర్సిటీ, తెలంగాణలో ములుగులోని శ్రీ కొండా లక్ష్మణ్ హార్టికల్చరల్ యూనివర్సిటీ ఈ చదువుకు పెట్టినవే. ఈ ములుగు సిద్దిపేట జిల్లాలోది, సమ్మక్క సారలమ్మ జాతర జరిగే జిల్లా కాదు. కౌన్సెలింగ్ రోజున పొరపాటు బస్సు ఎక్కకండి.

రెండు తలుపులూ ఒకే గదిలోకి తెరుచుకోవు, ఈ సంగతి ముందే తెలిసి ఉండాలి. బీఆర్క్ చేసినవాళ్లు ఎంఆర్క్ ల్యాండ్‌స్కేప్ చేసి ఆర్కిటెక్చర్ కాలేజీలో పాఠం చెబుతారు. హార్టికల్చర్ చేసినవాళ్లు ఎమ్మెస్సీలో ఫ్లోరికల్చర్ అండ్ ల్యాండ్‌స్కేపింగ్ తీసుకుని హార్టికల్చర్ కాలేజీలో చెబుతారు. బీఆర్క్ లేకుండా ఆర్కిటెక్చర్ కాలేజీలో రెగ్యులర్ పోస్టు రావడం కష్టం. విజిటింగ్ ఫ్యాకల్టీగా, ప్లాంట్ మెటీరియల్ అనే పేపరు చెప్పడానికి మాత్రం వాళ్లే వెతుక్కుంటూ వస్తారు.

మాస్టర్స్ ఎక్కడ

ఢిల్లీ, భోపాల్, విజయవాడల్లోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లు (ఎస్‌పీఏ) మూడింటిలోనూ ల్యాండ్‌స్కేప్‌లో మాస్టర్స్ ఉంది. ఇవి కాక అహ్మదాబాద్ సెప్ట్ యూనివర్సిటీ, పుణెలోని బీఎన్‌సీఏ పేరున్నవి. బీఎన్‌సీఏ మహిళల కాలేజీ. గేట్‌లో ఆర్కిటెక్చర్ అండ్ ప్లానింగ్ పేపరు రాసి, పీజీ సీట్ల కోసం జరిగే సీసీఎంటీ కౌన్సెలింగ్‌లో ఎస్‌పీఏ సీటు తెచ్చుకోవడం మామూలు పద్ధతి. గేట్ స్కోరుతో చేరినవాళ్లకు నెలకు 12,400 రూపాయల స్కాలర్‌షిప్ వస్తూ ఉంది. హాస్టల్, మెస్ ఖర్చు దాంతో గడిచిపోతుంది కాబట్టి ఇంట్లో టెన్షన్ తగ్గుతుంది. సెప్ట్ అడ్మిషన్ పద్ధతి వేరు, ఫీజు కూడా ఎక్కువ.

కాలేజీ ఎంచుకునేటప్పుడు ర్యాంకింగ్ కంటే ముందు సిలబస్ తెరిచి మొక్కల పేపర్లు ఎన్ని సెమిస్టర్లు ఉన్నాయో చూడండి. ఎకాలజీ చెప్పేది బోటనీ మనిషా, ఆర్కిటెక్టా అని సీనియర్లను అడగండి. క్యాంపస్‌లో నర్సరీ ఉందో లేదో కూడా అడగండి.

విజయవాడలో చదివితే మరో లాభం ఉంది. కడియం నర్సరీలు అక్కడికి దూరం కావు.

మొక్కల చదువు: దీనికి సిలబస్ ఉండదు

అసలు తేడా వచ్చేది ఇక్కడే కాబట్టి ఈ మెట్టు దగ్గర ఎక్కువసేపు ఆగుదాం.

ఒక నోటు పుస్తకం పెట్టండి. మీ ఊళ్లో, మీ క్యాంపస్‌లో రోజూ కనిపించే ముప్పై చెట్లు ఎంచుకోండి. ఒక్కో చెట్టుకు ఒక పేజీ. దానిమీద ఏ నెలలో ఆకు రాలింది, ఏ నెలలో చిగురు వచ్చింది, ఎప్పుడు పూసింది, కాయ ఎప్పుడు పడింది, కింద నేల ఎలా ఉంది, ఏ పిట్ట వాలుతోంది రాసుకుంటూ పోండి. పదిహేను రోజులకోసారి చూస్తే చాలు. ఏడాది తిరిగేసరికి మీ దగ్గర ఉన్న సమాచారం ఏ పాఠ్యపుస్తకంలోనూ ఉండదు, ఎందుకంటే అది మీ ఊరి వానకూ మీ ఊరి మట్టికీ సంబంధించింది. అనంతపురంలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడితే విశాఖలో దానికి దాదాపు రెట్టింపు పడుతుంది. ఒకే చెట్టు ఈ రెండు చోట్లా ఒకేలా ప్రవర్తించదు.

ఈ నోటు పుస్తకం డిజైన్‌ను ఎలా మారుస్తుందో చూడండి. బస్టాపు దగ్గర నీడ కోసం మోదుగ నాటారనుకుందాం. ఫిబ్రవరి, మార్చిలో పూత అద్భుతంగా ఉంటుంది, ఫొటోలు బాగా వస్తాయి. కానీ అప్పుడు చెట్టుకు ఆకు ఉండదు. ఎండ ముదిరే రోజుల్లో కింద నిలబడ్డవాడికి నీడ లేదు. అదే కానుగ అయితే ఆకు రాల్చిన కొద్ది రోజులకే కొత్త ఆకుతో నిండిపోతుంది, ఏప్రిల్‌కు చల్లటి నీడ సిద్ధం. ప్లాన్‌లో రెండూ ఒకే పచ్చటి సున్నాలు. రేల, ఇప్ప, పొగడ, గంగరావి, పొన్న, ఒక్కోదానికీ ఇలాంటి సొంత క్యాలెండర్ ఉంది. గంగరావి, పొన్న ఉప్పు గాలికి తట్టుకుంటాయని కాకినాడ, మచిలీపట్నం వైపు వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు.

తర్వాత పేర్లు. మొబైల్ యాప్ చెప్పిన పేరును నమ్మి రిపోర్టులో రాయకండి. అది సూచన మాత్రమే. పువ్వు, కాయ, ఆకు అమరిక చూసి ఫ్లోరా పుస్తకంలోని (ఒక ప్రాంతపు మొక్కలన్నిటినీ వివరించే పుస్తకం) కీ, అంటే లక్షణాలను బట్టి పేరు తేల్చే ప్రశ్నల వరస, ప్రకారం పేరు తేల్చడం నేర్చుకోండి. దగ్గర్లోని డిగ్రీ కాలేజీ బోటనీ లెక్చరర్‌ను పట్టుకుంటే రెండు మూడు ఆదివారాల్లో పట్టు దొరుకుతుంది. హైదరాబాద్‌లో బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా దక్కన్ ప్రాంతీయ కేంద్రం ఉంది. అక్కడ హెర్బేరియం షీట్లు, అంటే ఎండబెట్టి కాగితానికి అంటించిన మొక్కలు, చూడటానికి మీ గైడ్ ఉత్తరం తీసుకెళ్లండి. తెలుగు పేర్లు కూడా వదలకండి, ఊరు పేరుతో సహా రాయండి, ఎందుకంటే ఒకే పేరు రెండు జిల్లాల్లో రెండు మొక్కలకు ఉంటుంది. 18వ శతాబ్దం చివర్లో సామర్లకోటలో ఉండి కోరమండల్ తీరం మొక్కల మీద పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ స్థానిక చిత్రకారులతో బొమ్మలు వేయించి, తెలుగు పేర్లు కూడా రాసిపెట్టాడు. ఆయన ఆ పని మొదలుపెట్టిన నేల మనదే.

అటుపైన నర్సరీ. కడియం, కడియపులంక వెళ్లి కొనకుండా రెండు రోజులు తిరగండి. ఏ మొక్క ఎంత కవర్‌లో వస్తుంది, ఆ కవర్‌లో ఎన్నాళ్లుగా ఉంది, విత్తనమా, అంటా, ఎక్కడినుంచి తెచ్చారు అని అడగండి. కవర్ కింద నుంచి వేర్లు బయటికి వచ్చి చుట్టలు చుట్టుకుని ఉంటే ఆ చెట్టు నాటాక పదేళ్లకైనా గాలికి పడే ప్రమాదం ఉంది. డిజైనర్లు లిస్టులో రాసే చెట్లలో సగం మార్కెట్లో దొరకవు. దొరక్కపోతే కాంట్రాక్టర్ తనకు దొరికిందేదో తెచ్చి నాటేస్తాడు. రోడ్ల పక్కన అన్ని చోట్లా అవే నాలుగైదు మొక్కలు కనిపించడానికి ఇదొక పెద్ద కారణం. మోదుగ లాంటివి అయితే కవర్‌లో పెంచడం కంటే విత్తనాన్ని నేరుగా నేలలోనే నాటడం మంచిది, తల్లివేరు లోతుకు పోతుంది. శ్రీగంధం సంగతి ఇంకా వేరు. అది పక్క మొక్క వేర్ల నుంచి ఆహారం లాక్కుంటుంది, అందుకే నర్సరీలో కవర్‌లోనే పక్కన కంది వేస్తారు. లాన్ మధ్యలో ఒంటరిగా శ్రీగంధం గీసిన ప్లాన్ చూస్తే ఆ డిజైనర్ నర్సరీ మొహం చూడలేదని అర్థం.

స్థానికం అనే మాటతో తొందరపడకండి

మొక్కల మీద పనిచేసేవాళ్లు తొందరగా పడే గొయ్యి ఒకటుంది. స్థానిక జాతి మంచిది, పరాయిది చెడ్డది అని గీత గీసేసి ఊరుకోవడం.

కోనోకార్పస్ కథ అందరికీ తెలుసు. పరాయి దేశపు చెట్టు. త్వరగా పెరుగుతుంది, ఎప్పుడూ పచ్చగా ఉంటుంది, పశువులు తినవు అని డివైడర్లలో, కాలనీల్లో వరుసలు వరుసలుగా పెట్టారు. తర్వాత తెలంగాణలో వద్దన్నారు, గుజరాత్ 2023లో నిషేధించింది. ఇక్కడిదాకా ఆ గీత సరిపోతుంది. మరి విశాఖ? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఊళ్లోని చెట్లను కూల్చేశాక, పచ్చదనం తిరిగి తేవాలని రోడ్ల పక్కన ఏడాకుల పొన్న విరివిగా నాటారు. అది మన దేశపు చెట్టే. చలికాలం మొదట్లో రాత్రిపూట దాని పూత ఘాటుకు తలనొప్పి, ఊపిరి ఇబ్బంది అని జనం ఫిర్యాదులు చేశారు, కొట్టేయమన్నారు. అడవిలో అక్కడొకటి ఇక్కడొకటి ఉండే చెట్టును కిటికీల పక్కన వరసగా పెడితే వచ్చిన తంటా అది. తప్పు జాతిది కాదు, లెక్కది, చోటుది. ఈ తేడాను కొలిచి చూపించగలిగితే అది పరిశోధన అవుతుంది.

రాజస్థాన్‌లో జోధ్‌పూర్ కోట పక్కనున్న రావ్ జోధా ఎడారి రాతి పార్కు ఇంకో పాఠం. ఒకప్పుడు సినిమాలు తీసిన ప్రదీప్ క్రిషెన్ 2006లో పని మొదలుపెట్టినప్పుడు అక్కడంతా సర్కారు తుమ్మే. పైన నరికితే మళ్లీ చిగురిస్తుంది. రాళ్లు కొట్టే కార్మికులతో బండ తొలిపించి, వేరు మొదలు దాకా తీయించి, ఆ గుంతల్లోనే ఆ ఎడారి మొక్కలు పెట్టారు. ఆయన ప్రొఫెసర్ కాదు, ఆర్కిటెక్ట్ కూడా కాదు. అయినా ల్యాండ్‌స్కేప్ విద్యార్థులు ముందు చూడాల్సిన చోట్లలో అదొకటి. ఢిల్లీలో 2018లో జనానికి తెరిచిన సుందర్ నర్సరీ రెండోది. దాని డిజైన్ మహమ్మద్ షహీర్‌ది. ఆయన ఎస్‌పీఏ ఢిల్లీలో ల్యాండ్‌స్కేప్ విభాగాన్ని నడిపిన టీచర్, పాఠమూ ప్రాక్టీసూ రెండూ చేసిన మనిషి. మీ కెరీర్‌కు నమూనా కావాలంటే నేను ఆయన్నే చూపిస్తాను.

పీహెచ్‌డీ ప్రశ్న

"హైదరాబాద్‌లో పచ్చదనం" అనేది ప్రశ్న కాదు. "డివైడర్‌లో రెండడుగుల మట్టి మాత్రమే ఉన్నప్పుడు, నాటిన మొదటి ఏడాది తర్వాత నీళ్లు ఆపేస్తే మన పొదల్లో ఏవి మూడు వేసవులు తట్టుకుంటాయి" అనేది ప్రశ్న. రెండోదానికి జవాబు దొరికితే మున్సిపాలిటీ ఇంజినీరు కూడా మీ ఫోన్ ఎత్తుతాడు.

మన చుట్టూ ఇలాంటివి చాలా ఉన్నాయి. చేవెళ్ల వైపు హైదరాబాద్–బీజాపూర్ రోడ్డు మీద దాదాపు 900 మర్రిచెట్లు ఉన్నాయి. రోడ్డు వెడల్పు కోసం వాటిని తీయాలా అనే వివాదం నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. పాత మర్రికి ఎంత వేరు జాగా వదిలితే బతుకుతుంది, వేరేచోటికి తరలించినవాటిలో ఐదేళ్ల తర్వాత ఎన్ని నిలబడ్డాయి, ఇవి లెక్క తేల్చాల్సిన విషయాలు. యాదాద్రి పేరుతో తెలంగాణ అటవీ శాఖ, జపాన్‌లో పుట్టిన మియావాకీ పద్ధతిని కొంత మార్చి, చిక్కటి చిన్న అడవులు పెంచుతోంది. వాటిలో పదేళ్ల తర్వాత ఏ జాతులు మిగులుతాయన్నది ఇంకో ప్రశ్న. శేషాచలం కొండల ఎర్రచందనం, తిరుపతి–కడప కొండల్లో తప్ప ఎక్కడా సహజంగా పెరగని పేరిత (ఒక సైకస్ మొక్క) లాంటివాటిని నగరంలో ఎక్కడ, ఎలా పెంచవచ్చన్నది మరొకటి. వీటికి అటవీ శాఖ అనుమతి కావాలి, అందుకు ఆరు నెలలు వేరుగా పెట్టుకోండి.

గైడ్‌లు ఇద్దరుండాలి. మీ డిపార్ట్‌మెంట్‌లో ఒకరు, బోటనీ లేదా ఫారెస్ట్రీ నుంచి ఒకరు. ఒక్క ఆర్కిటెక్ట్ గైడ్‌తో మొక్కల పరిశోధన చేస్తే చివర్లో ఎగ్జామినర్ మీ శాంపిల్ సైజు గురించి అడిగే మొదటి ప్రశ్నకే ఇద్దరూ ఇరుక్కుంటారు.

ఇక ఎవరూ చెప్పని విషయం, క్యాలెండర్. పీహెచ్‌డీ అడ్మిషన్లు ఎక్కువగా జూలై, ఆగస్టుల్లో అవుతాయి. మన దగ్గర నాటే కాలం జూన్, జూలై. చేరి, కోర్సువర్క్ చేసి, ప్రపోజల్ ఒప్పించుకునేసరికి రెండో వాన కాలం కూడా దాటిపోతుంది. మూడో ఏడాది నాటితే ఫెలోషిప్ అయిపోయేలోపు మీకు రెండు మూడు వేసవుల లెక్కే దొరుకుతుంది. అందుకని మాస్టర్స్ థీసిస్‌లోనే చిన్న పైలట్ ప్లాటు వేసి పెట్టుకోండి. ఒక మీటరు చదరపు క్వాడ్రాట్లు (లెక్క కోసం హద్దు గీసిన గళ్లు), ప్రతి మొక్కకూ నంబరు ట్యాగు, ఎత్తు, కాండం మందం. పెద్ద చెట్లయితే నేల నుంచి 1.37 మీటర్ల దగ్గర చుట్టుకొలత తీసుకోండి, అటవీ శాఖ లెక్కలతో పోల్చడానికి అప్పుడే కుదురుతుంది. చచ్చిపోయిన మొక్కల లెక్క కూడా అంతే శ్రద్ధగా రాయండి. ఏది ఎప్పుడు ఎందుకు చచ్చిందో చెప్పే పేపర్లు చాలా తక్కువ.

ఈ రకం పనికి బయట పెద్ద ఉదాహరణ ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ యూనివర్సిటీ. జేమ్స్ హిచ్‌మో హార్టికల్చర్ మనిషి, నైజెల్ డన్నెట్ ఎకాలజీ మనిషి. ల్యాండ్‌స్కేప్ విభాగంలో కూర్చుని ఇద్దరూ ఏళ్ల తరబడి విత్తన మిశ్రమాలు చల్లి, ఏది ఏ సంవత్సరం దేన్ని అణిచేస్తుందో చూశారు. 2012 లండన్ ఒలింపిక్ పార్కు పూల మైదానాలు అందులోంచి వచ్చాయి. వాళ్ల మొక్కల జాబితా మనకు పనికిరాదు. వాళ్ల పద్ధతి మాత్రం అక్షరాలా పనికొస్తుంది.

విదేశాల సంగతి

క్లుప్తంగా చెబుతాను. అమెరికాలో వేరే డిగ్రీ నుంచి వచ్చినవాళ్లకు ఎంఎల్ఏ, అంటే మాస్టర్ ఆఫ్ ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్, మూడేళ్లు ఉంటుంది, అంటే హార్టికల్చర్, బోటనీ చదివినవాళ్లు కూడా డిజైన్ వైపు రావచ్చు. 2023లో, చదువయ్యాక అక్కడ ఎక్కువకాలం పనిచేయడానికి వీలిచ్చే స్టెమ్ కోర్సుల జాబితాలో ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్‌ను చేర్చారు. ఈ మాట విని కన్సల్టెన్సీలు హుషారుగా ఫోన్లు చేస్తాయి. మీరు తిరిగొచ్చి ఇక్కడ పాఠం చెప్పాలనుకుంటే మాత్రం పెద్ద అప్పు చేసి వెళ్లొద్దు. లెక్చరర్ జీతంతో ఆ వాయిదాలు తీరవు. ఫండింగ్ ఉన్న పీహెచ్‌డీకి వెళ్లడం మేలు.

ఉద్యోగం, ఇంటర్వ్యూ

ఆర్కిటెక్చర్ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు బీఆర్క్, ఎంఆర్క్ ఉండి వాటిలో ఒకదాంట్లో ఫస్ట్ క్లాస్ ఉండాలని మామూలుగా అడుగుతారు. ఆఫీసులో పనిచేసిన అనుభవం చూస్తారు. కాబట్టి ఎంఆర్క్ అవగానే రెండేళ్లయినా ల్యాండ్‌స్కేప్ ఆఫీసులో చేయండి, సైట్ విజిట్లు ఎక్కువుండే ఆఫీసు అయితే మంచిది. ఇక్కడ యూజీసీ నెట్ అవసరం పడదు. హార్టికల్చర్ యూనివర్సిటీ వైపు వెళ్లేవాళ్లకు వ్యవసాయ శాస్త్రవేత్తలను ఎంపిక చేసే బోర్డు ఏఎస్ఆర్‌బీ నిర్వహించే నెట్ ఉంది. ఎమ్మెస్సీ చివరి ఏడాదిలోనే దానికి చదవడం మొదలుపెట్టండి.

ప్రభుత్వ సంస్థల్లో ఏడో పే కమిషన్ అకడమిక్ లెవెల్ 10లో మూలవేతనం 57,700 రూపాయలతో మొదలవుతుంది, అలవెన్సులు అదనం. ప్రైవేటు కాలేజీల్లో ఒక్కోచోట ఒక్కో లెక్క. చేతికొచ్చేది ఎంత, వేసవిలో జీతం ఇస్తారా, పరిశోధనకు రోజు వదులుతారా అని చేరకముందే కాగితం మీద తీసుకోండి. రెగ్యులర్ పోస్టు దొరికేదాకా విజిటింగ్‌గా ఒక పేపరు చెబుతూ ఉండటం తెలివైన పని. పోస్టు పడినప్పుడు మీ పేరు అక్కడ ఇప్పటికే తెలిసి ఉంటుంది. 2003 నుంచి ఉన్న ఐసోలాలో, అంటే భారత ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టుల సంఘంలో సభ్యత్వం తీసుకోండి. మనుషులు పరిచయం అయ్యేది అక్కడే. పేపరు పంపేముందు ఆ జర్నల్ స్కోపస్‌లో (పరిశోధన జర్నళ్ల జాబితా) ఉందో లేదో మీరే వెతికి చూడండి. డబ్బు కడితే వారంలో వేస్తామనే మెయిల్‌కు జవాబివ్వకండి.

ఇంటర్వ్యూకు రెండర్ చేసిన త్రీడీ బొమ్మలు అందరూ తెస్తారు. మీరు ఒకే స్థలం ఫొటోలు మూడు తీసుకెళ్లండి: నాటిన రోజు, మొదటి వేసవి, మూడో ఏడాది. పక్కన మీ ప్లాంటింగ్ ప్లాన్, షెడ్యూల్. డెమో క్లాసుకు చేతిలో నాలుగు కొమ్మలు పట్టుకెళ్లి బల్ల మీద పెట్టి మొదలుపెట్టండి. ప్యానెల్‌లో వాళ్లు కూడా ముందుకు వంగి చూస్తారు.

మొదటి సెమిస్టర్

స్లైడ్లు తగ్గించండి. వారానికో క్లాసు చెట్టు కిందే పెట్టండి. ఒక్కో విద్యార్థికి క్యాంపస్‌లో ఒక చెట్టు ఇచ్చి, సెమిస్టర్ మొత్తం అదే చోట నిలబడి నెలకోసారి బొమ్మ వేయమనండి. ప్లాంట్ షెడ్యూల్‌లో, అంటే ప్లాన్‌తో ఇచ్చే మొక్కల పట్టికలో, మామూలు వరుసలకు తోడు "ఆకు లేని నెలలు", "దొరికే నర్సరీ", "కవర్ సైజు" అని మూడు వరుసలు తప్పనిసరి చేయండి. మొదట గొణుగుతారు. రెండో అసైన్‌మెంట్‌కు లిస్టులోంచి దొరకని మొక్కలు వాటంతటవే మాయమవుతాయి.

చేరిన మొదటి నెలలోనే ప్రిన్సిపాల్‌కు ఉత్తరం రాసి పదడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవు జాగా, దానికొక నీటి కొళాయి అడగండి. క్యాంపస్ వెనక పార్కింగ్ పక్కన చెత్త పోసే మూల అయినా చాలు. వేసవి సెలవుల్లో నీళ్లు ఎవరు పోస్తారో ఆ ఉత్తరంలోనే రాయించుకోండి. మే నెలలో కాలేజీలో వాచ్‌మన్ తప్ప ఎవరూ ఉండరు కాబట్టి ఆ పని అతనికే అప్పగించి, దానికి నెలకు ఇంత అని కాలేజీ ఖాతాలోంచి ఇప్పించండి.